ముందు సీటు

ఎండెల్ తాళంచెవి బల్లమీద పెట్టి
కాఫీ అయినా తాగకుండా వెళ్ళిపోయాడు.
ఇక నడపొద్దన్నాడట కంటి డాక్టరు.
"నీకైతే ఊరికే ఇచ్చేస్తాను ఉర్వె,
అమ్మితే ఇనుము ధర కూడా రాదు."

నాచురంగు బండి. ఇరవై రెండేళ్ళది.
గుమ్మం బయట, మంచులో,
పెట్టె దించని చుట్టంలా నిలబడింది.

హీయుమా దీవికి వచ్చి పదకొండేళ్ళు.
ఒక సైకిలు, నాలుగు గొర్రెలు, ఒక మగ్గం.
బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి,
ఆదివారం అదీ లేదు.
ఎవరైనా అడిగితే
"నాకు బండి అక్కర్లేదు" అనేదాన్ని,
ఆ మాటని కాస్త ఇస్త్రీ చేసి మరీ.

రాత్రి పాత కవరు వెనక లెక్క రాశాను.
బీమా, పెట్రోలు, చలికాలపు టైర్లు, ఏటేటా తనిఖీ.
మొత్తం తొమ్మిది రగ్గులు.
వేసవి దాకా నా చేతులు దానికే నెయ్యాలి.
పైగా బండి ఉంటే కొట్టు దగ్గరవుతుంది,
కొట్టు దగ్గరైతే అక్కరలు పుడతాయి.
నా సంగతి నాకు తెలుసు.
సైకిలు బుట్టలో పట్టనిది నాకొద్దనే నియమం
ఇన్నాళ్ళూ పాటించింది బుట్ట,
నా బుర్ర కాదు.

కవరు మడిచి దీపం ఆర్పాను.
చీకట్లో రెండో లెక్క దానంతటదే మొదలైంది.

పన్ను వాచిన రాత్రి కార్డ్లా ఆసుపత్రికి?
ఎండెల్.
ఉన్ని మూటలు ఓడరేవుకి?
ఎండెల్.
జ్వరపడ్డ గొర్రెపిల్ల వెనక సీటు తడిపేస్తే
ఏమీ అననివాడు?
అమ్మ పోయిందని కబురొచ్చిన తెల్లవారుజామున
మొదటి ఫెర్రీ అందాలని
పైజమా మీద కోటు తొడుక్కుని వచ్చినవాడు?

పదకొండేళ్ళు నా నిరాడంబరత
ముందు సీట్లో కూర్చుని
కిటికీలోంచి జూనిపర్ పొదలు చూసింది.
పెట్రోలు డబ్బులిస్తే తీసుకునేవాడు కాదు,
ముల్లంగి ఇస్తే తీసుకునేవాడు.
ఎరువు సొమ్ము బరువు చేటంటారు.
ఆ బరువు నాకెప్పుడూ తగల్లేదు,
మోసింది నేనైతే కదా.

ఇప్పుడు నెలనెలా అవతలి గట్టుకెళ్ళి
కంట్లో సూది వేయించుకోవాలి ఎండెల్.
ఓడరేవు దాకా బస్సులో పోతానంటాడు.
వచ్చేది బస్సో, కట్టెల లారీయో
పోల్చుకోలేడు.

పొద్దున అద్దం మీది మంచు గీకి
లోపల కూర్చున్నాను.
పిప్పరమెంటు వాసన, తడి ఉన్ని వాసన.
కాలికి క్లచ్ అందలేదు,
ఎండెల్ పొడగరి.
ఇంజను ఆన్ చెయ్యలేదు.
ఏదీ తేల్చుకోలేదు కూడా.
సీటు కింద మీట తడుముకుని
రెండు మెట్లు ముందుకి జరిగాను.

పక్కకి చూస్తే
ఆ ఖాళీ సీటు మీద
నా ఆకారమే, గుంటపడి.