శ్లాబు రోజు

తెల్లవారుజాము నాలుగున్నర. మధురవాడ కొండ కింద
నా ఫోన్లో మూడు డ్రాయింగులు,
మూడూ ఆఖరివే.
డిజైనరు ఇంకా నిద్రలో.
వాన నలభై శాతమంటుంది యాప్,
మిగతా అరవై ఎవరి పూచీ?

ఆనందపురం దాటిందట మొదటి లారీ
కడుపులో కాంక్రీటు తిప్పుకుంటూ.
దానికి రెండు గంటల ఆయుష్షు,
నాకు అంతకన్నా తక్కువ.

అసిరయ్య మాత్రం ఏ కాగితమూ అడగలేదు.
సెంట్రింగు కిందకి దూరి
ఒక్కో సరుగుడు పోటునీ సుత్తితో తట్టుకుంటూ పోయి
పదకొండో దాని దగ్గర ఆగాడు.
"ఇది ఏరేగా పలుకుతంది బాబూ."

రిషికొండ వైపు నుంచి తడిగాలి.
రిపోర్టులో ఈ చప్పుడుకి గడి లేదు.
తిప్పి పంపితే ఎంతవుతుందో తెలుసు,
పంపకపోతే తెలీదు.

గేటు దగ్గర హారన్.
చెయ్యెత్తాను.
లారీ ఆగింది,
డ్రమ్ము తిరుగుతూనే ఉంది.