మూడు వందల పన్నెండో పేజీ

ఆదివారం, ఆబిడ్స్.
దించిన షట్టర్ల ముందు పాలిథిన్ పట్టా పరిచి
కిలోల లెక్కన కొని, మనిషి ముఖం చూసి అమ్మే పుస్తకాలు.
నూట ఇరవై అన్నాడు, డెబ్బైకి ఇచ్చాడు.
ఇటుకంత లావు నవల,
అట్ట మీద మంటల్లో ఊరు, మంటల ముందు గౌను.
రాసింది ఆల్మా ప్రాథర్.

వెనకట్ట మీద ఆమె బతుకు ఆరు లైన్లు:
ఒహాయోలో పాలవాళ్ల పిల్ల,
ఇరవై రెండేళ్లు పంతులమ్మ,
భర్త పోయాక, నలభై తొమ్మిదో ఏట,
మేకుల కొట్టు గల్లా వెనక కూర్చుని మొదటి నవల.
ఆ తర్వాత పదిహేడు.
ఫొటోలో నవ్వదు.
చిల్లర సరిపోయిందా అని చూస్తున్నట్టుంటుంది.

దిల్‌సుఖ్‌నగర్ బస్సులో తెరిచాను.
మార్జిన్ల నిండా పెన్సిలు.
తెలుగు. మందుసీసా మీద చీటీలాంటి కుదురు రాత.
లోపలట్ట మీద పేరు:
కుడిక్యాల నర్సింలు, కంపౌండరు,
గుర్రాల దవాఖాన, మలక్‌పేట, 1971.

నలభయ్యో పేజీలో: ‘ఈ మాటకు అర్థం చూడాలె.’
నూట ఆరులో, యుద్ధానికి పోయే కొడుకు జేబులో
తల్లి ఉల్లిగడ్డ పెట్టిన చోట:
‘ఈమెకు ఎరుకే.’
మూడు వందల పన్నెండులో
పెన్సిలు కాగితాన్ని చించినంత పని చేసింది:
‘ఒక్క రాత్రిల తొంభై మైళ్లా? నీళ్లు లేకుంటనా?
తల్లీ, గుర్రం సస్తది.’

అదే పేజీలో నలుగురు సిపాయిలు చచ్చారు.
వాళ్ల గురించి ఏమీ రాయలేదు.

చివర్లో, అట్టకు అంటుకుపోయి, నీలం ఏరోగ్రామ్.
అమెరికా స్టాంపు, టైపు కొట్టిన ఇంగ్లిషు.
‘అయ్యా, మీ ఉత్తరం చేరింది.
ఆ ఏటి పేపర్లన్నీ తిరగేశాను,
కోటు బొత్తాలు లెక్కపెట్టాను,
ఆ రాత్రి వెన్నెల ఉందో లేదో పంచాంగం చూశాను.
గుర్రాన్ని అడగలేదు.
మళ్లీ అచ్చు వేసినప్పుడు దిద్దుతాను.’

బస్సు మలక్‌పేట దాటింది. నేను దిగాల్సింది కూడా దాటింది.

ఐదు ఆదివారాలు వెతికాను.
ఆరోది వాన, పట్టాలు ఎత్తేశారు.
ఏడో వారం, బ్యాంకు పరీక్షల గైడ్ల కింద,
అట్ట ఊడిన తర్వాతి ముద్రణ.
నిలబడే తిప్పాను.

సిపాయి వాగు దగ్గర దిగాడు. జీను విప్పాడు.
గుర్రం నీళ్లు తాగింది, చాలాసేపు తాగింది.
తర్వాత మూడు లైన్ల చీకటి,
గడ్డి కొరుకుతున్న చప్పుడు.

తెల్లారి బయల్దేరాడు.
కబురు ఒక పూట ఆలస్యమైంది.
నా దగ్గరున్న పుస్తకంలో చివరిదాకా నిలబడ్డ వంతెన
ఇందులో కూలిపోయింది.
కథంతా అక్కణ్ణించి తిరగరాసుకుందామె
తొంభై పేజీలు, ఒక గుర్రం నీళ్ల కోసం.
ఈ కాపీ నర్సింలుకు చేరిందో లేదో.
మార్జిన్లు మాత్రం తెల్లగా ఉన్నాయి.

‘మొన్న కొన్నదే గద సార్,’ అన్నాడు కొట్టతను,
‘మళ్ల అదే కొంటున్నరు?’
ఎనభై చెప్పాడు.
బేరం ఆడలేదు.