గుంట

మిడిల్స్‌బ్రో లైబ్రరీ పై అంతస్తులో
పాత కాగితాలకు కాపలా క్లిఫ్ గారు.
బల్ల మీద పెన్సిలే తప్ప పెన్ను పెట్టనివ్వరు.
ఇంటిపేరు అడిగారు. గనగళ్ల, అన్నాను.
నోట్లో వేసుకుని రెండుసార్లు నమిలి
మింగుడుపడక నాకే తిరిగిచ్చేశారు.

మా తాతమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు, గనగళ్ల అప్పలస్వామి.
కళింగపట్నం రేవులో ఎక్కి రంగం పోయాడు.
ఓడ బొయిలరుకి బొగ్గెత్తే పని దొరికిందని ఒక ఉత్తరం.
తీస్ అనే నది, ఇనుము వండే ఊరు,
అన్నం దొరకదు, అని ఇంకెవరిచేతో రాయించిన రెండోది.
మూడోది లేదు.
వంటింట్లో ఇనప గరిటె జారి పడ్డప్పుడల్లా
"మా అప్పల తలుస్తన్నాడు" అనేదిట తాతమ్మ,
తీసి, కడక్కుండానే మళ్లీ కూరలో పెట్టేదిట.

నేనీ ఊరొచ్చింది అతని కోసమేం కాదు.
ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం.
కొలుములు ఆర్పేశారు, గొట్టాలు కూల్చేశారు,
పొగ మాత్రం ముసలాళ్ల ఊపిరితిత్తుల్లో
నాకు రోజూ కనిపిస్తుంది.

ఓటర్ల జాబితాలో లేడు. పెళ్లిళ్ల పుస్తకంలో లేడు.
ముప్పైతొమ్మిదో సంవత్సరం చిట్టాలో, కేనన్ వీధిలో,
శామ్ యాపిల్, ఓడ మనిషి, ఊరు మాల్టా.
అప్పల యాపిల్ అయినట్టుంది, స్వామి శామ్ అయినట్టుంది,
మాల్టా ఎందుకైందో రాసిన గుమాస్తాకే తెలియాలి.
అయినట్టుంది అనే అంటున్నాను.
మా వైపు ఇంటికో అప్పలస్వామి.

కేనన్ వీధి ఇప్పుడు లేదు. గోదాములు, కార్లు కడిగే చోటు.
అక్కడ పుట్టిన మనిషి ఒకావిడ ఉందని
చీటీ మీద పెన్సిల్తో రాసిచ్చారు క్లిఫ్ గారు: బెరిల్.

ఎనభై ఆరేళ్లు. ముసలాళ్ల ఫ్లాట్లలో నాలుగో అంతస్తు,
కిటికీలో సగం నీలం వంతెన, సగం ఉతికిన బట్టలు.
అడక్కుండానే మూడు చెంచాల చక్కెర వేసి టీ ఇచ్చింది.
"శామ్ మా మేడగదిలో అద్దెకుండేవాడు.
రాత్రిళ్లు చిట్టెం గుట్ట మీద పారబోస్తే
ఆకాశం ఎర్రగా లేచేది, నన్నెత్తి కిటికీలో కూచోబెట్టేవాడు.
చేపలకి పసుపు పూసేవాడు. అమ్మ తిట్టేది,
దుప్పట్లన్నీ పసుపని."
దుప్పట్ల దగ్గర ఆగింది.
చల్లారిన టీని మళ్లీ కలిపింది.

"నన్నో మాట అనేవాడు. బూతేమోనని
మా ఆయనక్కూడా చెప్పలేదు ఎప్పుడూ."
ఇంట్లో మేమిద్దరమే. అయినా గొంతు తగ్గించి,
"గుంట" అంది.

నా పేరు కోటేశ్వరి. పదకొండేళ్లుగా ఈ ఊరు
నా పేరులోని ట ని పళ్ల వెనకే ఆపేస్తోంది.
ఆవిడ నాలుక మాత్రం మడతపడి, అంగిటిని తాకి,
అప్పుడు వదిలింది.
మా రేవు ట. ఎండిన వలలాగా గరుకు ట.
ఏ చిట్టాలోనూ ఎవరూ రాయలేని ట.

అర్థమేంటంది.
పిల్ల, అన్నాను. మా పిల్ల, అని.
నవ్వి, కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.
"అంతేనా? ఎనభై ఏళ్లు దాచానే, అంతేనా?"

ఎవరి పిల్ల అని ఆవిడ అడగలేదు.
గోడ నిండా ఫోటోలు, వాళ్ల నాన్నది ఏదని నేనూ అడగలేదు.
ఆ మాటకి మా భాషలో ఇంకో అర్థం ఉందని కూడా చెప్పలేదు.
నా సంచిలో శ్మశానం వాళ్లిచ్చిన కాగితం మీద
నలుగురికి కలిపి తవ్వి, రాయి పెట్టని
ఆ రెండో అర్థానికి ఒక నంబరుంది.

ఆదివారం తనూ వస్తానంది, వాన లేకపోతే.
ఏడో నంబరు బస్సంది, కాదు పదిహేడంది,
డ్రైవర్ని అడుగుదాంలే అంది.
గుమ్మందాకా వచ్చి నా కాళ్ల వంక చూసి
ఆ చెప్పులు పనికిరావు, బూట్లు వేసుకు రమ్మంది.
అక్కడంతా బురదట.