నీలం తొడుగులు

నాన్న మినీబస్సు అద్దం ముందున్న ‘జుగ్దిది’ పలకని
బోర్లా తిప్పేశాడు.
ఈ పూట ఎవరూ ఎక్కడానికి లేదు.
పద్దెనిమిది సీట్లలో నేనొక్కదాన్నే,
చిట్టచివర, కడుపు మీద బడిసంచి అదుముకుని.

కుతైసిలో ఆ వేళ మంచూ కాదు, వానా కాదు,
రెంటికీ మధ్య ఏదో కారుతోంది.
రియోని వంతెన మీద ఆగినప్పుడు
అద్దంలో నన్ను చూసి, చూడనట్టు
వైపర్ వేశాడు.

అమ్మ ఉంటే అమ్మ తెచ్చేది.
అమ్మ ఇటలీలో, బారీలో, ఎవరి అమ్మకో స్నానం చేయిస్తోంది.
రాత్రి ఫోన్లో అంటుంటే గోడ ఇవతల విన్నాను:
“దానికి నెలనెలా కళ్ళు తిరుగుతున్నాయట, జెమాల్,
లెక్కల టీచరు రాసింది. సిగ్గుపడుతూ కూర్చోకు.”
నాన్న చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత “ఏ డాక్టరు?” అన్నాడు,
గేరుబాక్సు గురించి అడిగినట్టు.

ఆసుపత్రి గుమ్మంలో బుట్టెడు నీలం ప్లాస్టిక్ తొడుగులు.
బూట్లకి తొడుక్కునే లోపలికి రావాలి.
నాన్న ఒంటికాలి మీద తూలి గోడ పట్టుకున్నాడు.
వరండా నిండా ఆడవాళ్ళు.
ఒకావిడ ఊలు అల్లుతోంది, సూదులు ఆగాయి.
నా ముఖం చూశారు, పొట్ట చూశారు, మళ్ళీ ముఖం.
పదిహేనేళ్ళ పిల్ల ఇక్కడికి ఎందుకొస్తుందో
వాళ్ళకి తెలిసిన కారణం ఒక్కటే.
వాళ్ళలో మా వీధి రొట్టెలకొట్టు నజిబ్రోలా!
ఇంకేముంది,
రేపు వేడి రొట్టెలతోపాటు నేనూ ఇంటింటికీ వెళ్తాను.

“తెక్లె!”
నాన్న కూడా లేచాడు.
“మీరు కాదు” అంది నర్సు.
నా కోటు ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాడు.

లోపల ఆ కుర్చీ ఉంది.
నుత్సా చెప్పిన కుర్చీ,
రెండు ఇనుప చేతులు గాల్లోకెత్తి.
చూడకూడదనుకుంటూ దాన్నే చూస్తున్నాను.
డాక్టరు లామారా నా చూపు పట్టుకుని
లేచి, తన శాలువా దాని మీద పడేసింది.
“దానితో మనకి పని లేదులే.”

మొదటిసారి ఎప్పుడు? ఎన్ని రోజులు?
లెక్కల నోటు అట్ట లోపల
పెన్సిల్‌తో గీసుకున్న బుల్లి త్రిభుజాలు తీసి చూపించాను.
ఎవరికైనా చూపించడం అదే మొదలు.
కళ్ళజోడు పైకి తోసుకుని ఒక్కొక్కటీ లెక్కపెట్టి
“బాగా రాశావు” అంది, మార్కులేస్తున్నట్టు.

తర్వాత ఆ ప్రశ్న. ఎవరితోనైనా ఎప్పుడైనా…
లేదన్నాను. గొంతు పగిలి
నాకే అబద్ధంలా వినబడింది.
ఆవిడ ‘లేదు’ అని రాసుకుంది.
అంతే.

పొట్ట మీద చల్లటి జిగురు.
తెర మీద సిగ్నల్ పోయిన టీవీ.
“ఇదిగో, బోర్లించిన బేరిపండంత.”
ఇంతేనా?
స్నానాల గది గచ్చు మీద
నన్ను ముడిచి పడేసేది ఇంతేనా?
“చిన్నదే. కానీ కండ కదా, పిడికిలిలా బిగుస్తుంది.
నొప్పి నిజమే తల్లీ. మందుంది.”
అమ్మమ్మ ఓర్చుకోమంది, పీటీ సారు ఓర్చుకోమన్నాడు,
అమ్మ కూడా, ఫోనులో ముక్కు చీదుతూ.
ఈవిడ అనలేదు.

బయటికొస్తే
నాన్న దోసిట్లో పొద్దుతిరుగుడు గింజలు.
నజిబ్రోలా పోసిందట.
రెండేళ్ళుగా కడుపులో గడ్డ పెట్టుకుని
భయపడి రాలేదట ఆవిడ.
“నీ పిల్ల నాకంటే నయం” అందట.
అది చెప్తూ నాన్న
గింజలు నమలకుండానే మింగాడు.

మందుల షాపులో
“మా అమ్మాయికి” అన్నాడు, కావలసినదానికన్నా గట్టిగా,
“నెలసరి నొప్పికి.”
వరసంతా తిరిగి చూసింది.
ఎర్రబడ్డ చెవులు నావి కాదు.

దారిలో బ్రేకు తొక్కితే కరకర,
క్లచ్చు తొక్కితే కరకర.
తొడుగులు విప్పడం మర్చిపోయాడు.
చెబుదామని నోరు తెరిచాను.
ఊరుకున్నాను.
ఇంకో మాటేదీ లేని ఆ బస్సులో
ఇంటిదాకా దాన్నే వింటూ కూర్చున్నాను.