నాలుగు వేళ్ల ఆట

చక్రం నాలుగు వేళ్లు తిరిగినా
టైరుకు సోయి లేదు.
గంత ఆట ఉన్నది దీంట్ల.

షువైఖ్‌ల రేకుల షెడ్డు కింద మూడు రోజులాయె
ఈ పాత మిలిటరీ జీపు కడుపు కింద పండుకొని.
పుల్లర్ బిగిస్తే
స్టీరింగు చక్రం టక్కున ఊడొచ్చింది
పుచ్చిన పన్ను లెక్క.
డ్రాప్ ఆర్మ్ రాలే.
డీజిలు తాపిన, గ్యాసు మంట చూపిన,
ఆఖరికి గుల్‌జమీన్ పష్తోల తిట్టిన తిట్టుకు
సిగ్గుపడి వచ్చింది.

బాక్సు విప్పితే గ్రీజు కాదు,
ఇసుక ముద్ద. ఎర్రటిది.
ఈడిది కాదు.
ఈడి ఇసుక నాకెరుకే, అన్నంల పంటికి తగుల్తది.

గోలీలు లెక్కవెట్టిన:
పైన పదకొండు, కింద పది.
మళ్ల లెక్కవెట్టిన.
పదే.
గా ఒక్కటి లేకుంటనే
ఏ లడాయిల ఎన్ని మలుపులు తిరిగిందో!

గోలీలన్నీ కొత్తయి ఏసిన.
కాయితమంత షిమ్ములు
రెండు తీసిన, ఒకటి మళ్ల పెట్టిన.
కండ్లు మూసుకొని తిప్పిన.
చెయ్యి ఒప్పుకున్నది.

అబూ మిషారీ వచ్చి
ఒక్క వేలుతోటి తిప్పి నవ్విండు.
"ఎక్కు, ఒక చక్కర్ నువ్వే కొట్టు" అన్నడు.
లైసెన్సు లేదు బాబా, అన్న.
పదకొండేండ్లాయె ఈ బండ్లు బాగుజేయవట్టి,
గేటు దాకనే నా తొవ్వ.

పొద్దుగూకినంక క్యాంపు బస్సెక్కిన.
పాత గోలీలు ఇరవై ఒకటి
జేబుల గలగలమంటున్నయి.
డ్రైవర్ చేతుల చక్రం చూసిన,
మూడు వేళ్లు ఆడుతున్నది.

ఊకున్న.