పద్నాలుగో మలుపు

కలామా ఊరికి పైన, రాగి గని కంట్రోల్ గదిలో
రాత్రి షిఫ్టు నాది.
ఇరవై రెండు తెరలు, ఇరవై రెండు తలలు.
తలకో టోపీ, టోపీ లోపల వెండి చుక్కలు.
మూడొందల టన్నుల లారీ తోలే మనిషికి
కునుకు పట్టకముందే నాకు తెలుస్తుంది.

మంచిదే, కాదనను.
మొన్న జూలైలో ఫ్రోయిలాన్
గోతి అంచుకి నాలుగు మీటర్ల దూరంలో సోలుతుంటే
చెవిలో అరిచి లేపింది టోపీయే.
వాళ్ళావిడ నాకు క్విన్సు పళ్ళ జామ్ సీసా పంపింది.
సగం ఇంకా ఉంది.

ఆ తర్వాత టోపీకి కొత్త విద్య నేర్పారు.
శాంతియాగో నుంచి ఒక కుర్రాడొచ్చాడు, నలగని చొక్కా.
"నిద్రే కాదు, ఇకనుంచి ఉద్దేశం కూడా చూస్తుంది."
ఎవరి ఉద్దేశం?
"వాళ్ళకింకా తెలియనిది" అన్నాడు,
చంటిదానికి వచ్చిన తొలి పన్ను చూపించినంత మురిపెంగా.
ఆలు లేదు చూలు లేదు,
మేం మాత్రం పేరు రాసేసుకుంటున్నాం.

ఎలియోదోరో మమానీ, పదకొండో నంబరు లారీ.
పంతొమ్మిదేళ్ళ సర్వీసు. బుగ్గలో కోకా ఆకు, మాట తక్కువ.
ప్రతి రాత్రీ పద్నాలుగో మలుపు దగ్గర
అతని గీత ఉలిక్కిపడేది.
స్టీరింగుని లోయ వైపు తిప్పాలని
పావు సెకను పాటు
లోపలెక్కడో ఒక కదలిక.
చేతులు ఎన్నడూ తిప్పలేదు.
తెర మాత్రం ఎర్రగా రాసింది:
ప్రమాదకర ఉద్దేశం.

పిలిపించారు. బల్లకి ఇటు ముగ్గురు, నాలుగోదాన్ని నేను.
కోప్పడతాడనుకున్నాను.
హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని
ఆ గీతని చాలాసేపు చూశాడు.
"అలా అనుకున్నానా నేను?"
అని నన్నడిగాడు,
ఎక్స్‌రే పట్టుకుని డాక్టర్ని అడిగినట్టు.

అబద్ధమాడే వీలు పోతుందని భయపడేదాన్ని ఇన్నాళ్ళూ.
అంతకన్నా పెద్దదే పోయింది:
నా గురించి నాకు తెలుసు అనే మాట.
నోటికి తాళం వేసుకోవచ్చు, ఇంటికి వేసుకోవచ్చు,
తానే ఎరగని గదికి
గడియ ఏ వైపు బిగించుకుంటాడు మనిషి?

ఆ వారం క్యాంటీన్లో అతను కత్తి ముట్టలేదు,
రొట్టె చేత్తో తుంచుకున్నాడు.
మనవరాల్ని ఎత్తుకుని
మెట్లు దిగడం మానేశాడట.

ఆదివారం పికప్ తీసుకుని మలుపు దగ్గరికి వెళ్ళాను.
బండ కింద సొట్టపోయిన అల్యూమినియం గిన్నె,
ఒక గోనెసంచి ముక్క, దాన్నిండా పచ్చటి వెంట్రుకలు.
వాచ్‌మన్ చెప్పాడు:
టైర్లు తొక్కిన వెచ్చని చోటు చూసుకుని
నడిరోడ్డున పడుకునేదట ఒక కుక్క.
పదకొండో నంబరు ఎప్పుడూ లోయ వైపుకి తప్పుకుని పోయేదట.
రెండు చలికాలాల కింద ఇంకెవరి లారీయో తప్పుకోలేదు.

కుక్క లేదు.
తప్పుకోవడం మాత్రం
అతని భుజాల్లో ఉండిపోయింది.

దొరికిందని పరుగెత్తబోయి ఆగాను.
ఇదీ నా ఊహేగా, టోపీ లేకుండా చదివిన గీతేగా!
చావు అని చదివారు వాళ్ళు, జాలి అని చదివాను నేను.
అతన్ని అడగకుండా లోపలికి దూరడంలో
మాలో ఎవరు తక్కువ?
ఆ కుక్క సంగతి ఎవరికీ చెప్పకూడదనే
తనకి కూడా చెప్పుకోలేదేమో.

ఫారంలో కారణానికి నాలుగు గడులున్నాయి:
అలసట, కక్ష, మత్తు, దిగులు.
తెలియదు అనే గడి లేదు.
అంచున పెన్నుతో రాశాను: అది అతని సొంతం.
స్కానర్ తీసుకోలేదు.
మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ వెనక్కి తోసింది.

వచ్చే సోమవారం నుంచి
కంట్రోల్ గది వాళ్ళకీ టోపీలు.
నిన్న కొలత తీసుకున్నారు.
నా తల యాభై ఆరు సెంటీమీటర్లట.