బొక్క ఏ వైపుది

ఆరుద్ర వాన తెరిపిచ్చాక
జాడి రాజుబాయి గంప దించింది కాంటా ముందు.
అంకీసలో దసలికాయ కొనే రోజది.
నేను సేటు గుమాస్తాను,
తూకాలు రాస్తాను, మరాఠీలో.

ఎండాకాలమంతా దూలానికి దండలుగా వేలాడిన
విత్తనపు కాయలు.
ఇప్పుడు దేన్ని చూసినా ఒక బొక్క.
నా ఖాతాలో వాటన్నిటికీ ఒకటే మాట: ఫుటకా.
ధర సగానికి సగం.

"అట్ల గంపగుత్తగ రాయకు బిడ్డా,"
రెండు కాయలు ఏరి నా అరచేతిలో పెట్టింది.
"గిది చిలుక ఎల్లిన తొవ్వ. సూడు, పోగు తెగలే.
ఉమ్మితోని నానవెట్టి
జాతరల మందిని జరుపుకుంట పోయినట్టు పోయింది.
గిది ఎలుక పని."

వేలు పెట్టి తడిమాను.
ఒకటి మెత్తగా, బయటికి విచ్చుకుని;
ఒకటి కొడవలి పడిన వరికొయ్యలా, లోపలికి.

చిలుకకు తినే నోరు లేదట.
మద్దిచెట్లు బోడిచేసి, పురుగుగా ఉన్నప్పుడే
జన్మకు సరిపడా నమిలేసింది.
ఇక రెక్కకొకటిగా ఆ నాలుగు గాజుకళ్లు
మహా అయితే వారం.
నోరు లేనిదానికి ఉమ్మెక్కడిదని అడిగాను.
"తలుపు తీసుకొనేటందుకు ఇచ్చిండు,
బువ్వకు గాదు."

ఎలుకకేమో నోరే బతుకు.
పళ్లు ఆగవు, పెరుగుతూనే ఉంటాయి.
ఆకలున్నా లేకున్నా కొరకాలి:
తలుపుచెక్క, సబ్బుబిళ్ల, లోపల నిద్రపోతున్న చిలుక.
మానిందా, సొంత పన్నే దవడలోకి దిగుతుంది.
నా ఖాతాపుస్తకం మూల చూసుకున్నాను,
అర్ధచంద్రంలా లేదు.

"దాన్నేం తిడ్తం," అంది రాజుబాయి,
"కానీ చిలుక కాయను తొడమీద పేనితే దారమైతది.
ఎలుక కాయ పొయ్యిలకే."

సేటు దూరంగా బండి మీద కూర్చుని
ఫోన్లో గట్టిగా నవ్వుతున్నాడు.
కాంటాకు లోపలా బయటా తెలియదు.
రెండు కిలోల నూట యాభై, ఫుటకా.

రాసి, పక్క ఖాళీలో
సేటుకు రాని అక్షరాల్లో, చిన్నగా
చిలుక అని ఒక లెక్క, ఎలుక అని ఒక లెక్క వేశాను.
మొదటి అక్షరం ఒక్కటే తేడా.
ఇన్నేళ్లుగా కలిపే మింగేశాను.

"రాస్తే పైసలు పెరుగుతయా?"
పెరగవన్నాను.
ఖాళీ గంప తలమీద బోర్లించుకుని
"అయినా రాయి," అంది.